గోతాల వెనక ఇల్లు

ఆళ్లగడ్డలో శేషయ్య ఇల్లు బజారు నుంచి చూస్తే రెండు గదుల రాతి మిద్దె. ముందు గోడకు సిమెంటు పూత లేదు. కిటికీ రెక్క ఒకటి తీగతో కట్టి ఉంటుంది. తీగ తుప్పు పడితే కొత్త తీగ కడతారు. రెక్కను మాత్రం బాగుచేయరు. రెండో గదిలో కప్పు దాకా గోతాల కట్టలు. వచ్చిపోయేవాళ్లకు ఇల్లు అక్కడితో అయిపోతుంది.

నిజానికి అక్కడ మొదలవుతుంది. కట్టల పక్కన మనిషి ఓరగా తిరిగితే పట్టేంత సందు. సందు దాటితే టేకు తలుపు. తలుపు అవతల పెద్ద హాలు, రెండు పడక గదులు, దేవుడి గది, గ్రానైటు గట్టు వేసిన వంటిల్లు, ఆ వెనక పెరడు. పెరటి గోడ అవతల వాగు. అటు ఎవరూ నడవరు.

ఈ వెనక ఇంటిని శేషయ్య నడివయసులో కట్టించాడు. అప్పుడు వ్యాపారం బాగుండేది. మేస్త్రీని అవుకు నుంచి పిలిపించాడు. ఊళ్లో మేస్త్రీ అయితే ఊళ్లో చెబుతాడు. గృహప్రవేశానికి పురోహితుడు కాక ఇద్దరే వచ్చారు. ఒకరు భార్య తమ్ముడు నాగేశ్వరరావు. ఇంకొకరు చిరిగిన గోతాలు కుట్టే మదార్.

పది మందిని పిలుద్దామని భార్య రామలక్ష్మమ్మ అడిగింది.

"పిలిస్తే వస్తారు," అన్నాడు శేషయ్య.

"రావాలనే కదా పిలిచేది?"

"వస్తే చూస్తారు."

ఆ మాట అతని సొంతం కాదు. వాళ్ల నాయన కోవెలకుంట్లలో అంగడి నడిపేవాడు. ఒక ఏడు అంగట్లో మొజాయిక్ వేయించాడు. ఆ ఏడే అమ్మకపు పన్ను ఎక్కువ పడింది. నేల చూసే వేశారని నాయన నమ్మాడు. నమ్మి, మొజాయిక్ మీద పాత గోతాలు పరిచాడు. మరుసటి ఏడు పన్ను తగ్గింది. వానలు లేక ఆ ఏడు అందరికీ తగ్గింది. నాయన మాత్రం గోతాల వల్లే అనుకున్నాడు. కొడుక్కి ఆస్తి పెద్దగా ఇవ్వలేదు. ఆస్తి ఉంటే ఏం చేయాలో నేర్పాడు.

శేషయ్య గోతాల వ్యాపారంలోకే వచ్చాడు. నంద్యాలలో అద్దె అంగడి. ఉదయం ఆళ్లగడ్డలో బస్సెక్కడం, సాయంత్రం దిగడం. రైసు మిల్లుల నుంచి, బేకరీల నుంచి ఖాళీ గోతాలు కొనడం, దులిపించడం, చిరిగినవాటిని మదార్ చేత కుట్టించడం, పంట కాలంలో రైతులకు అమ్మడం. పాములపాడు నుంచి, ఉయ్యాలవాడ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఒక గోతాన్ని వేలితో తాకి అది ఎన్ని పంటలు మోసిందో చెప్పగలిగేవాడు. మోయబోయే పంటల సంగతి చెప్పేవాడు కాదు. ఆ తర్వాత ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. రైతులు ఒక్కరొక్కరే వాటి వైపు వెళ్లిపోయారు. అమ్ముడుపోని గోతాలను ఇంటికి తెచ్చి రెండో గదిలో పేర్చాడు. ఆ మేరకు వెనక ఇల్లు ఇంకా భద్రమైంది. చివరికి అంగడి మూసేశాడు.

పిల్లలు లేరు. దాచుకున్నది కొద్దిగా ఉంది. అది ఇంకో ఏడాదికి అయిపోతుంది. ఈ సంగతి భార్యాభర్తలిద్దరికీ తెలుసు. నాగేశ్వరరావుకూ తెలుసు.

నాగేశ్వరరావుకు ఆళ్లగడ్డలోనే ఎరువుల అంగడి. ఒక ఆదివారం ఇంటికి వచ్చాడు. ముందుగదిలో కూర్చోకుండా నేరుగా సందులో దూరి హాల్లోకి వచ్చాడు. అతనికి ఆ హక్కు ఉంది.

"బావా, ఒగ మాట చెప్తా. ఈ ఇల్లు నా పేరు మీద రాసియ్యి. నువ్వూ అక్కా ఉన్నన్నాళ్లూ ఈడనే ఉండండి. నెల నెలా ఖర్చులకు నేనిస్తా. మిమ్మల్ని పొమ్మనేది ఎవురు?"

"ఇప్పుడు ఎవురూ అనరు," అన్నాడు శేషయ్య.

"అంటే?"

"ఆలోచిస్తానంటాండా."

అతను వెళ్లాక రామలక్ష్మమ్మ అంది. "వాడు మంచోడే."

"కాదని ఎవురన్న్యారు?"

"మంచోడుగా ఉన్నన్నాళ్లు ఇస్తాడు."

రివర్స్ మార్ట్‌గేజ్ అనే మాట శేషయ్య నంద్యాల బ్యాంకులో చూశాడు. డిపాజిట్ తీయడానికి వెళ్లి వరుసలో నిలబడి ఉన్నాడు. గోడ మీద రంగు వెలిసిన పోస్టరు. అందులో తన ఈడు దంపతులు ఊరికే నవ్వుతున్నారు. ఇల్లు మీది, ఇంట్లో ఉండేది మీరు, నెల నెలా డబ్బు ఇచ్చేది మేము అని రాసి ఉంది. శేషయ్య దానిని రెండోసారి చదివాడు. అమ్మేవాడు అంత తీయగా మాట్లాడితే గోతం ఎక్కడో చిరిగి ఉంటుంది.

కౌంటరు గుమాస్తాను అడిగాడు. గుమాస్తా వెనక్కి తిరిగి ఇంకొకరిని అడిగాడు. పథకం ఉందట. ఇంతవరకు ఎవరూ అడగలేదట.

"ఎందుకు అడగల్యా?"

"అది అడగనోళ్లను అడగాల పెద్దాయనా," అన్నాడు గుమాస్తా.

తెలిసినవాడిని వెతకాలనుకున్నాడు. నంద్యాలలో తెలిసినవాళ్లకు కొదవ లేదు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ఆయన అదంతా మోసం అన్నాడు, తానే ఇంకో మంచి మార్గం చూపిస్తానన్నాడు. టీ అంగడి దగ్గర ఒకాయన ఫోనులో వీడియో చూపించాడు. అందులో మాట్లాడే మనిషి ఏ దేశంవాడో ఇద్దరికీ తెలియలేదు. చివరికి అద్దాల తలుపు, చల్లటి గాలి ఉన్న ఒక సలహా ఆఫీసులో అభిలాష్ అనే యువకుడు కూర్చోబెట్టి నీళ్ల సీసా ఇచ్చాడు.

"సింపుల్ అంకుల్. మీ ప్రాపర్టీ మీద లోన్ పెట్టిస్తా. సలహా ఫ్రీ. ఈఎంఐ గూడా తక్కువే."

"ఈఎంఐ అంటే నెల నెలా కట్టేదే కదా?"

"అవును."

"ఎవురు కట్టాల?"

"మీరే అంకుల్."

"మరి నాకు నెల నెలా ఇచ్చేది ఎవురు?"

అభిలాష్ కాసేపు ఫోను చూశాడు. "రెండూ దాదాపు ఒగటే. డైరెక్షన్ మారుతాది, అంతే."

"నీళ్లు ఇంట్లేకి వచ్చేదీ, ఇల్లు నీళ్లలేకి పోయేదీ ఒగటేనా నాయనా?"

సీసా మూత తీయకుండానే బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు.

దారి చూపింది మదార్. గోతాల పని పోయాక మదార్ ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర బ్యాగులు, గొడుగులు కుడుతున్నాడు.

"ఫ్రాన్సిస్ సార్ కాడికి పో సెట్టీ. నంద్యాలలో చర్చి వెనక ఇల్లు. బ్యాంకులో లోన్లు చూసి రిటైరైనాడు. నా మిషన్ లోన్ మూడు తూర్లు ల్యాదన్న్యాడు."

"అట్లాంటోని కాడికి నన్నెందుకు పంపుతాండావ్?"

"నాలుగో తూరి ఇచ్చినాడు. ముందు మూడు తూర్లు ఎందుకియ్యలేదో కూర్చోబెట్టి చెప్పినాడు. అట్లా నాకు యాడా ఎవురూ చెప్పల్యా."

శేషయ్యకు ఇది నచ్చింది. ఇచ్చేవాడికంటే లేదనేవాడికే సరుకు తెలిసి ఉంటుంది.

ఫ్రాన్సిస్ వరండాలో కూర్చుని నిమ్మ మొక్కకు ఆకులు తుంచుతున్నాడు. సన్నటి మనిషి. శేషయ్య చెప్పింది చివరిదాకా విన్నాడు.

"ఇట్లాంటివి మీరు ఎన్ని చేసినారు సార్?"

"ఒగటి."

"ఒగటేనా?"

"అదీ వేరే బ్రాంచిలో. వద్దని చెప్పి పంపినవి చానా ఉండాయి. వాటిని ఎవురూ లెక్కేయరు కదా." తర్వాత తన ఫీజు చెప్పాడు. "పని అయినా అంతే, కాకున్నా అంతే. బ్యాంకు నుంచి నాకు పైసా రాదు. ఇస్తామన్నా తీసుకోను."

శేషయ్య అలవాటు కొద్దీ సగానికి అడిగాడు.

"సగానికి సగం చెప్తా. ఏ సగం కావాల్నో చెప్పు."

శేషయ్య మొత్తం ఇచ్చాడు. బేరం ఓడిపోవడం అతనికి కొత్త కాదు. ఓడిపోయి తృప్తిగా ఉండడం కొత్త.

"ఇప్పుడు చెప్పండి సార్. ఖర్చులు యాడ దాచినారు?"

"దాచలేదప్పా. రాసే ఉండాయి. చదివేవాళ్లు ల్యారు." ఫ్రాన్సిస్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మొదట దరఖాస్తుకు బ్యాంకు కొంత తీసుకుంటాది. ఇంటికి విలువ కట్టే ఇంజనీరు ఫీజు, కాగితాలు చూసే లాయరు ఫీజు నీవే. తనఖా రాసుకునేటప్పుడు స్టాంపులు. ఇంటికి ఏటేటా బీమా. ఇంటి పన్నూ, రిపేర్లూ ఎట్లా నీవే. ఇవన్నీ ఎంతెంతో రాసియ్యమని బ్యాంకును అడుగు. నోటితో చెప్తే వినొద్దు."

"ఇంతేనా?"

"అసలుది ఉంది. నెల నెలా నీకిచ్చేదానికి వడ్డీ ఉంటాది. కట్టమని నిన్నడగరు. బాకీలో కలుపుతారు. మరుసటి నెల ఆ కలిపినదానికీ వడ్డీ."

"చక్రవడ్డీ."

"అదే. మొదట్లో ఉందో ల్యాదో తెలీదు. పదేండ్లు పోయినాక నీకిచ్చినదానికంటే వడ్డీ పెద్దగా అగుపడ్తాది. మీరిద్దరూ పోయినాక వారసులు ఆ బాకీ కట్టి ఇల్లు తీసుకోవచ్చు. ల్యాదంటే బ్యాంకు అమ్ముకొని, తన బాకీ పట్టుకొని, మిగిలింది వాళ్లకిస్తాది."

"బాకీ ఇంటి రేటును దాటిపోతే?"

"పోయినా ఇంటి వరకే. మీ వాళ్ల మీదికి రాదు."

వేరే ఎవరూ లేరు, వారసుడు అంటే నాగేశ్వరరావే. ఊరికే వస్తుందనుకున్న ఇంటిని చక్రవడ్డీతో కొనుక్కోవాలి. శేషయ్య చాలా నెలల తర్వాత నవ్వాడు.

"నవ్వొద్దు. ఇంగోటి విను. నెల నెలా ఇచ్చేది మహా అంటే ఇరవై ఏండ్లు. ఆపైన ఇంట్లో ఉండొచ్చు, దుడ్లు మాత్రం రావు."

"తొంభై ఏండ్లు దాటినాక నాకేం ఖర్చు సార్?"

"మీ ఆవిడ నీకంటే చిన్నది కదా?"

శేషయ్య నిమ్మ మొక్క వైపు చూశాడు. ఆ లెక్క అతను వేయలేదు.

"ఆయమ్మను గూడా అప్పులో కలిపి రాయించు. అప్పుడే నీ తర్వాత ఆమెను కదిలించరు. సరే, ఇల్లు ఎట్లాంటిది?"

"ఏముంది సార్. రాతి మిద్దె."

ఫ్రాన్సిస్ తల ఊపాడు. డబ్బిచ్చి తెచ్చుకున్న సలహాదారుకు కూడా శేషయ్య ముందుగదే చూపించాడు. చూపించినట్టు అతనికే తెలియలేదు.

"విలువ కట్టేవాడు వచ్చినప్పుడు ఉండేదంతా చూపించు."

"చూపిస్తా సార్. దాచేదేముంది?"

దరఖాస్తు పెట్టాడు. లాయరు కాగితాలు చూశాడు. స్థలం శేషయ్య సొంత సంపాదన, చిక్కు లేదు. ఇంజనీరు వచ్చే రోజు చెప్పారు.

ఆ రోజు రామలక్ష్మమ్మ పొద్దున్నే వెనక ఇల్లు కడిగింది. హాల్లో దీపాలన్నీ వేసింది. గృహప్రవేశం నాడు కొన్న పింగాణీ కప్పులు ఇంతకాలానికి బయటికి తీసింది. శేషయ్య ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అంతా చూపించాలని రాత్రే నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయంలో అనుమానం ఏమీ లేదు.

ఇంజనీరు బైకు దిగాడు. కుర్రవాడు. సంచిలోంచి అట్ట, కాగితం తీశాడు. తర్వాత కొలిచే పరికరం తీశాడు. టేపు కాదు, ఎర్రటి చుక్క వేసేది.

"ఇల్లు మీ సొంతమేనా?"

"సొంతమే సార్," అన్నాడు శేషయ్య. "పేరుకు."

ఆ తర్వాత మాట్లాడింది శేషయ్యా, వాళ్ల నాయనా అన్నది చెప్పడం కష్టం. వానొస్తే కప్పు కారుతుందన్నాడు. పునాది కుంగిందన్నాడు. కిటికీ రెక్కను తానే చూపించాడు. ఇంజనీరు పాపం అన్నట్టు చూశాడు. ఆ చూపుతో శేషయ్యకు ఇంకాస్త ఊపు వచ్చింది. రాళ్లు ఎప్పుడు మీద పడతాయోనని ఆరుబయట పడుకుంటున్నామన్నాడు.

"వెనకేముంది?"

"గోతాలు సార్. ఎలకలు తిరుగుతాంటాయి. మీరు పోలేరు."

ఎర్రటి చుక్క గోతాల కట్ట మీద పడి ఆగింది. ఇంజనీరు ఆ దూరం రాసుకున్నాడు. టేకు తలుపు అవతల రామలక్ష్మమ్మ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. బైకు కదిలిన చప్పుడు విని పళ్లెం దించింది.

"పాయనా?"

"పాయ."

"కాఫీ తాగల్యా."

"లోపలికి రాల్యా."

ఆమె ఒక కప్పు అతనికి ఇచ్చింది. రెండోది తాను తీసుకుంది. ఇద్దరూ కూర్చున్నారు.

"ఇంతకూ ఆయప్ప ఎందుకొచ్చినాడు?"

"ఇంటికి రేటు కట్టనీకి."

"రేటు ఎక్కువ కడితే మనకు మంచిదా? తక్కువ కడితే మంచిదా?"

శేషయ్య కప్పు కింద పెట్టాడు. తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"కారుతాదంటిరే," అంది ఆమె. "ఎండాకాలం గూడా కారుతాదా?"

బ్యాంకు నుంచి సమాధానం వచ్చింది. ఆ రెండు గదుల మీద నెలకు ఇవ్వగలిగింది పాలకూ కరెంటుకూ సరిపోతుంది. బియ్యం కొనాలంటే ఇంకో ఇల్లు ఉండాలి.

శేషయ్య ఆ కాగితం తీసుకుని నంద్యాల వెళ్లాడు. ఫ్రాన్సిస్ చదివి తిరిగి ఇచ్చాడు.

"నీ రాతి మిద్దెకు ఇంతే వస్తాదప్పా. ఏం చేయల్యాం."

"ఇంగో ఇల్లుంది సార్."

"యాడ?"

"దాని ఎనకనే."

మొత్తం చెప్పాడు. సందు, తలుపు, అవుకు మేస్త్రీ, ఎర్రటి చుక్క. ఫ్రాన్సిస్ కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు.

"ల్యానిది ఉందని చెప్పి అప్పడిగినోళ్లను నా సర్వీసంతా చూసినా. ఉండేది ల్యాదని చెప్పి అడిగినోన్ని నిన్నే చూస్తాండా."

"ఇప్పుడేం చెయ్యాల సార్?"

"పురపాలక ఆఫీసుకు పోయి ఒప్పుకోవాల. అనుమతి ల్యాకుండా కట్టినావు కాబట్టి జరిమానా. ఇన్నేండ్ల పన్ను. క్రమబద్ధం చేసినట్టు వాళ్లు కాగితమిస్తే బ్యాంకు మళ్లీ ఇంజనీరును పంపుతాది. ఆయనకు మళ్లీ ఫీజు."

"ఇది మీరు ఖర్చుల్లో చెప్పల్యా."

"అది బ్యాంకు ఖర్చు కాదు. నువ్వు ఇంట్లో పెట్టుకున్న ఖర్చు. నాకెట్లా తెలుస్తాది?"

తిరుగు బస్సులో శేషయ్యకు కిటికీ పక్కన సీటు దొరికింది. రెండు దారులే ఉన్నాయి. ఊరందరికీ ఇల్లు చూపించాలి. లేదా నాగేశ్వరరావుకు రాసి ఇవ్వాలి. ఏది ఎక్కువ నష్టమో ఆళ్లగడ్డ వచ్చేదాకా తేలలేదు. దిగేటప్పుడు కండక్టరు అతని సంచి అందించి, జాగ్రత్త పెద్దాయనా అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాగేశ్వరరావు హాల్లో కూర్చుని ఉన్నాడు. బ్యాంకు సంగతి ఎవరో చెప్పారు.

"ఏంది బావా ఇది? ఇన్ని దినాలు ఎవురికీ చూపియ్యకుండా, ఇప్పుడు బ్యాంకోళ్లకు చూపిస్తావా? దరఖాస్తుకు ఫీజు, ఇంజనీరుకు ఫీజు, లాయరుకు ఫీజు. నేనేమన్నా ఫీజు అడిగినానా?"

"అడగల్యా," అన్నాడు శేషయ్య. "సరే, నీకే రాసిస్తా. ఒగ నెల ఇయ్యకున్నా ఇల్లు వాపసు అని రిజిస్టరు కాగితం మీద నువ్వు రాసిస్తావా?"

"మనలో మనకు కాగితమేంది బావా? నమ్మకం ల్యాదా?"

రామలక్ష్మమ్మ వంటింటి గుమ్మంలో ఉంది. "నీకు మాత్రం కాగితం మీద కావాలంటివే తమ్ముడా. మనలో మనకే కదా, నోటితో ఇస్తాం, తీసుకోరాదా?"

నాగేశ్వరరావు అక్క వైపు చూశాడు. ఆమె అలా మాట్లాడడం అతను అంతవరకు ఎప్పుడూ వినలేదు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. చక్కెర తక్కువైందని కూడా అనలేదు.

మరునాడు శేషయ్య పురపాలక ఆఫీసుకు వెళ్లాడు. పన్నుల గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు.

"ఏం ఫిర్యాదు?"

"అనుమతి ల్యాకుండా ఇల్లు కట్టినారు సార్."

"ఎవురి మీద?"

"నా మీదనే."

గుమాస్తా తల ఎత్తాడు. పక్క బల్ల ఆయనను పిలిచాడు. పన్ను తగ్గించమని వచ్చేవాళ్లను ఎలా పంపాలో వాళ్లకు తెలుసు. పెంచమని వచ్చినవాడిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియలేదు. ఇంట్లో వాళ్లతో గొడవా, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. చివరికి నమ్మి, చూడటానికి వచ్చారు. వాళ్ల వెనక వీధి వచ్చింది. పాల ఆవిడ హాల్లో నిలబడి కప్పు వైపు చూసింది. ఇన్నేళ్లు పాలు సగం లీటరే ఎందుకు తీసుకున్నావమ్మా అని రామలక్ష్మమ్మను నిలదీసింది.

జరిమానా, పాత పన్నులు కలిపి చూస్తే, ఇన్నేళ్లుగా ఇల్లు దాచి పన్నులో మిగిల్చినదంత ఉంది. కాస్త ఎక్కువే ఉంది. దాచుకున్న డబ్బులో చాలా భాగం పోయినా ఇంకా తక్కువ పడింది. ఇంట్లో అమ్మగలిగింది ఒకటే సరుకు. శేషయ్య మదార్‌ను పిలిపించాడు.

మదార్ కట్టలు తట్టి చూశాడు. దుమ్ము లేచింది. జనపనార గోతాలను ఇప్పుడు పట్నంలో సంచులుగా, తెరలుగా కుట్టి అమ్ముతున్నారట. పాతవైతే ఇంకా ఇష్టమట.

"చిరిగినవి గూడా తీసుకుంటావా?" అన్నాడు శేషయ్య.

"చిరిగినవే అడుగుతాండారు సెట్టీ. నేను కుట్టినవి వద్దంట. నా దబ్బనం పనికి అంత విలువ." మదార్ నవ్వాడు. తర్వాత గది వైపు చూశాడు. "ఇవి పోతే నీ ఇల్లు బజార్లేకి అగుపడ్తాదే."

"అగుపడనీ."

"మళ్లా అడుగుతాండా. తెల్లారి మనసు మారితే మోసుకురానీకి నా వల్ల కాదు."

బండి నాలుగుసార్లు తిరిగింది. సాయంత్రానికి రెండో గది ఖాళీ అయింది. బజార్లో నిలబడితే రెండు గదుల గుండా టేకు తలుపు కనిపించింది. శేషయ్య వెళ్లి తలుపు మూశాడు. రామలక్ష్మమ్మ వెళ్లి తీసింది. ఆ సాయంత్రం అలా కొన్నిసార్లు జరిగింది.

ఇంజనీరు రెండోసారి వచ్చాడు. రామలక్ష్మమ్మ భర్తను ముందు అరుగు మీద కూర్చోబెట్టింది. లోపలికి తానే తీసుకెళ్లింది.

"మొన్న ఇది లేదు కదమ్మా?" అన్నాడు ఇంజనీరు హాలు మధ్యలో నిలబడి.

"ఇల్లు ఉండె నాయనా. మా ఆయనకే నోరు రాల్యా."

ప్రతి గదీ చూపించింది. కుళాయి తిప్పి నీళ్లు చూపించింది. దేవుడి గది తలుపు మీద చెక్కడం చూపించి, తట్టి చూడమంది. పునాది సంగతి అతను అడిగితే, ఎగిరి దూకి చూడు నాయనా అంది. ఇంజనీరు దూకలేదు. కాఫీ తాగాడు.

ఈసారి బ్యాంకు చెప్పిన మొత్తం బియ్యానికి సరిపోతుంది. మందులకు సరిపోతుంది. కొంచెం మిగులుతుంది. నాగేశ్వరరావు ఇస్తానన్నదానికంటే తక్కువే. ఆ తేడా ఏమిటని శేషయ్య ఫ్రాన్సిస్‌ను అడిగాడు.

"ఇది ఒగటో తారీఖు వస్తాది," అన్నాడు ఫ్రాన్సిస్.

సంతకాల రోజు భార్యాభర్తలూ ఫ్రాన్సిసూ నంద్యాల బ్యాంకులో కూర్చున్నారు. మేనేజరు కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆవిడ. తమ బ్రాంచిలో ఇదే మొదటిదని సంతోషంగా చెప్పింది. మొదటిది కాబట్టి ప్రతి వాక్యం చదివింది. ఫ్రాన్సిస్ రెండు చోట్ల ఆపి, అంకెలను బ్యాంకు ముందు రాసి ఇచ్చిన కాగితంతో సరిచూశాడు. ఒక చోట బీమా రెండుసార్లు పడింది. కొట్టేయించాడు. శేషయ్య అతని వైపు చూశాడు. ఫీజు అప్పుడే తిరిగి వచ్చేసింది.

"ఇల్లు బాగోగులు మీరే చూసుకోవాలి," అని మేనేజరు చదివింది. "ఐదేళ్లకోసారి మా ఇంజనీరు వచ్చి ఇంటి విలువ మళ్లీ చూస్తారు. మీకు అభ్యంతరం లేదు కదా?"

శేషయ్య నోరు తెరిచాడు. "ఏముంది మేడం, పాత..."

రామలక్ష్మమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. అతను నోరు మూసుకున్నాడు.

"ఈయన లేకపోతే నన్ను పొమ్మంటారా తల్లీ?"

"లేదమ్మా. మీరిద్దరూ అప్పు తీసుకున్నవాళ్లే. మీరున్నంత కాలం మీ ఇంట్లోనే ఉంటారు."

"అయితే ఆ ఇంజనీరు పిల్లోన్ని ముందుగా ఫోన్ చేసి రమ్మనండి. ఈ తూరి భోజనం చేసి పోవాల."

మేనేజరు నవ్వి కాగితాలు వాళ్ల వైపు తిప్పింది. శేషయ్య చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. గోతాల రసీదుల మీద పెట్టిన సంతకమే, పొట్టిది, ఎవరికీ చదవడం రానిది. పెన్ను భార్యకు ఇచ్చాడు.

ఆమె నిదానంగా రాసింది. ఒక్కో అక్షరం రాసి, చూసుకుని, తర్వాతిది రాసింది. మేనేజరు ఎదురుచూసింది. బయట టోకెను నంబర్లు పిలుస్తున్నారు. ఆ ఇంటికి సంబంధించిన కాగితం మీద ఆమె పేరు రావడం అదే మొదటిసారి. పేరు కింద, బాకీదారు అని అచ్చు వేసి ఉంది.